విత్తనం ఎక్కడి నుంచి వచ్చింది, పరిశోధన ఎవరి కోసం?

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల రైతు కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకు ఇచ్చిన అంశం ‘ఆసియా దేశాల్లో కొత్త టెక్నాలజీ, పరిశోధనల మీద పెట్టుబడులు - మన వ్యవసాయం’. ఈ సంగతి ఇంట్లో చెబితే మా ఆమె నవ్వింది. “పదో తరగతి సదివినోనివి, ఆసియా సంగతి నువ్వేం జెప్తవ్?” అన్నది. నిజమే. నేను శాస్త్రవేత్తను కాను. కానీ ముప్పై ఏండ్లుగా ఆ పరిశోధనల ఫలితాన్ని చేన్ల వేసి చూస్తున్నోణ్ణి. లాభం వచ్చినా నష్టం వచ్చినా ఆఖరుకు భరించేది మనమే. కాబట్టి మాట్లాడే హక్కు మనకుంది.

ముందు వరి నుంచి మొదలుపెడతాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సాంబ మసూరి వేయనివాళ్లు ఎంతమంది? చేతులు ఎక్కువ లేవలేదు. బీపీటీ 5204 అంటాం. 1986లో బాపట్ల పరిశోధనా స్థానం విడుదల చేసింది. ఆ వడ్లకు తల్లిదండ్రులు ఎవరో ఎప్పుడన్నా అడిగామా? మూడు రకాల రక్తం అందులో ఉంది. ఒకటి జీఈబీ 24, కోయంబత్తూరులో ఎంపిక చేసిన పాత రకం, బియ్యం నాణ్యతకు పేరు. రెండోది తైచుంగ్ నేటివ్-1, తైవాన్ పొట్టి వరి. మూడోది మసూరి, మలేషియా నుంచి వచ్చింది. ఆ మసూరి కూడా ఒక్క దేశం పని కాదు. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఆసియా దేశాలు కలిసి, మన ఒడిశాలోని కటక్ వరి పరిశోధనా కేంద్రంలో రకాలను సంకరం చేయించాయి. ఆ సంకరాల నుంచే మలేషియాలో మసూరి పుట్టింది.

అంతకుముందు ఐఆర్-8 వచ్చింది. 1960లో ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ పెట్టారు. 1966లో ఐఆర్-8 విడుదల చేశారు. దానికి ఒక తల్లి ఇండోనేషియా రకం, ఇంకో తల్లి తైవాన్ పొట్టి రకం. 1967లో దాన్ని మన తెలుగు నేల మీద పండించి చూపింది పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన రైతు నెక్కంటి సుబ్బారావు. ఆయన్ను మిస్టర్ ఐఆర్-8 అన్నారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన గిన్నెలో అన్నం మెతుకు వెనక నాలుగైదు ఆసియా దేశాల ప్రజాధనం ఉంది. ఆ విత్తనం మీద ఎవరికీ రాయల్టీ కట్టలేదు. పండిన వడ్లలోంచి మంచివి తీసి, మళ్లీ నారు పోసుకున్నాం. పక్క ఊరి బావమరిదికి రెండు బస్తాలు ఇచ్చాం. ఎవరూ కేసు పెట్టలేదు. మన వరంగల్ పరిశోధనా స్థానం ఎర్రమల్లెలు, వరంగల్ సాంబ, వరంగల్ సన్నాలు, సిద్ధి వంటివి ఇచ్చింది. రాజేంద్రనగర్ నుంచి 2015లో తెలంగాణ సోనా వచ్చింది. ఇవన్నీ సర్కారు జీతం మీద పనిచేసిన శాస్త్రవేత్తల చెమట. ఆ కొత్త వంగడాలతోపాటు యూరియా, పురుగుమందుల అలవాటు కూడా వచ్చిందన్నది వేరే మాట, దాన్ని కూడా మరవొద్దు. కానీ విత్తనం మన చేతిలో ఉండేది.

ఇప్పుడు రెండో సంగతి. ఇది నా సొంత కథ.

2021 వానాకాలం. మాది మహబూబాబాద్ జిల్లా. రెండున్నర ఎకరాల మిర్చి తోట పెట్టాను. అందులో ఎకరంన్నర కౌలు. దసరా దాటినాక పూత మీద ఉన్న తోట ముడుచుకుపోవడం మొదలైంది. పువ్వు తెరిచి చూస్తే లోపల నల్లటి సన్న పురుగులు. పువ్వుకు పది, పదిహేను. మనం అలవాటుగా నల్లి అనుకున్నాం. మందుల దుకాణానికి పోయాను. ఒక మందు ఇచ్చాడు. నాలుగు రోజులకు మళ్లీ పోయాను. రెండు మందులు కలిపి కొట్టమన్నాడు. ఆ తరవాత మూడు. ధర పెరిగేకొద్దీ డబ్బా చిన్నదవుతోంది. “అన్నా, ఇది కొడితే పోతదా?” అంటే, “అందరూ గిదే కొడుతున్నరు” అన్నాడు. అదే ఆయన జవాబు. ఆయన్ను ఒక్కణ్ణే తప్పుపట్టలేను, ఆయనకూ తెలియదు. సంక్రాంతికి ముందే తోట పీకేశాను. పీకిన రోజు మా అమ్మ గట్టు మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ ఏడు మన మూడు జిల్లాల్లో, ఖమ్మంలో, గుంటూరులో ఇదే జరిగింది. మిర్చి రైతులు ప్రాణాలు తీసుకున్న ఇండ్లకు మన సంఘం వాళ్లం పోయి వచ్చాం. ఆ తరవాత ఏనుమాముల మార్కెట్‌లో మిర్చికి రికార్డు ధరలు పలికాయి. ధర ఉంది, మన దగ్గర కాయ లేదు.

తరవాత శాస్త్రవేత్తల బృందాలు వచ్చాయి. పురుగు పేరు చెప్పారు: త్రిప్స్ పార్విస్పైనస్, నల్ల తామర పురుగు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు. అప్పుడే నాకు తెలిసిన ఇంకో సంగతి విని కాళ్ల కింద భూమి కదిలినట్టయింది. మన దేశంలో ఈ పురుగును మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. 2015 ఎక్కడ, 2021 ఎక్కడ? ఆరేండ్లు. ఈ ఆరేండ్లలో ‘ఇట్లాంటి పురుగు దేశంలోకి వచ్చింది, మిర్చికి ప్రమాదం, పూతలో చూసుకోండి, నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, ఇష్టం వచ్చినట్టు మందులు కలిపి కొట్టి మిత్రపురుగులను చంపుకోకండి’ అని మా ఊరికి వచ్చి చెప్పిన మనిషి లేడు. ఒక శాస్త్రవేత్త రాసిన కాగితానికీ, మా తోటకూ మధ్య ఆరేండ్ల దూరం ఉంది. పరిశోధనలో పెట్టుబడి అంటే నా లెక్కలో ఆ దూరం తగ్గించడం. మిగతాదంతా ఆ తరవాతే.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. దేశం సంపాదించే ప్రతి 100 రూపాయల్లో పరిశోధనకు ఎంత పెడుతున్నదో చూస్తే ఆ దేశం రేపటి గురించి ఎంత ఆలోచిస్తున్నదో తెలుస్తుంది. దక్షిణ కొరియా సుమారు 5 రూపాయలు పెడుతున్నది. ఇజ్రాయెల్ 5 దాటింది. జపాన్ 3 దాటింది. చైనా 2024లో 2 రూపాయల 68 పైసలు పెట్టింది. మనం? 2020-21 లెక్క ప్రకారం 64 పైసలు. మొత్తం చూస్తే సుమారు 1 లక్షా 27 వేల కోట్లు. అన్ని రంగాలు కలిపి, రాకెట్లు, అణుశక్తి, రక్షణ, మందులు అన్నీ కలిపి ఇంతే.

అందులో వ్యవసాయానికి ఎంత? 2022-23లో వ్యవసాయ పరిశోధన మీద 19,650 కోట్ల రూపాయలు ఖర్చయిందని 2023-24 ఆర్థిక సర్వే చెప్పింది. అదే సర్వే ఇంకో మాట చెప్పింది: వ్యవసాయ పరిశోధన మీద పెట్టిన ప్రతి రూపాయికి 13 రూపాయల 85 పైసలు తిరిగి వస్తున్నాయట. ఇది రైతు సంఘం లెక్క కాదు, కేంద్ర ప్రభుత్వం లెక్క. మన ఊళ్లో ఎవరన్నా రూపాయి పెడితే పదమూడు రూపాయలు వచ్చే బేరం ఉంటే ఇల్లు తాకట్టు పెట్టి అయినా పెడతాడు. మరి సర్కారు ఎందుకు పెట్టదు? 2025-26 బడ్జెట్‌లో కేంద్ర వ్యవసాయ పరిశోధనా విభాగానికి ఇచ్చింది 10,466 కోట్లు. అందులో పెద్ద భాగం జీతాలు, పింఛన్లకే పోతుంది. జీతాలు వద్దని నేను అనను, శాస్త్రవేత్త తినకుండా పనిచేయడు. కానీ జీపులో డీజిల్ లేకపోతే, ల్యాబులో రసాయనం లేకపోతే, ఆ శాస్త్రవేత్త మన చేనుకు ఎట్ల వస్తాడు?

అదే 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల రూపాయల పరిశోధన, ఆవిష్కరణల నిధికి ఆమోదం తెలిపింది. దాని ముఖ్య ఉద్దేశం ప్రైవేటు రంగం పరిశోధన చేయడానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలం డబ్బు ఇవ్వడం. కంపెనీలు పరిశోధన చేయాలి, కాదనం. కొరియాలో, జపాన్‌లో పరిశోధన ఖర్చులో ఎక్కువ భాగం కంపెనీలే పెడతాయి. అవి సొంత డబ్బు పెడతాయి. ఇక్కడ ప్రజల డబ్బు కంపెనీలకు ఇస్తున్నప్పుడు, దాంతో తయారయ్యే విత్తనం, మందు, యంత్రం ధర మీద ప్రజలకు మాట ఉండాలా లేదా? ఇదీ మనం అడగాల్సిన ప్రశ్న.

ఎందుకంటే, ఈ పాఠం మనం ఒకసారి పత్తిలో నేర్చుకున్నాం. బాగా ఖరీదు పెట్టి నేర్చుకున్నాం.

1997-98లో మన ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి రైతుల చావులతో దేశమంతా పేపర్లకెక్కింది. మందులు పనిచేయని పురుగు, అప్పు, వాన. 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. కాయతొలిచే పురుగుకు మందు అక్కర్లేదన్నారు. మూడేండ్లు తిరిగేసరికి, మొదట వచ్చిన మూడు హైబ్రిడ్లకు 2005లో ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. వరంగల్ చేన్ల దిగుబడులే దానికి కారణం. ఆ రోజుల్లో ప్యాకెట్ ధర 1,600 నుంచి 1,850 దాకా ఉండేది. అందులో సుమారు 1,250 రూపాయలు జన్యువు సొంతదారుకు పోయే రుసుమే. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్‌కు పోయి కొట్లాడితే ప్యాకెట్ 750కి దిగింది. 2007లో పత్తి విత్తనాల చట్టం వచ్చింది. ఆ పోరాటంలో రైతు సంఘాల చెప్పులు ఎన్ని అరిగాయో పెద్దవాళ్లకు యాదికుంది. 2020 నాటికి ఆ రుసుము సున్నా అయింది. కానీ అప్పటికి గులాబీ రంగు పురుగు ఆ జన్యువుకు అలవాటుపడింది. అంటే పనిచేసిన రోజుల్లో డబ్బు కట్టాం, పనిచేయనప్పుడు ఉచితంగా ఇచ్చారు.

చైనా ఏం చేసింది? వాళ్ల ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనా సంస్థ సొంతంగా బీటీ జన్యువు తయారుచేసింది. 1997లోనే విదేశీ కంపెనీ రకాలతోపాటు వాళ్ల రకాలు కూడా చేన్లకు వచ్చాయి. పోటీ ఉంది కాబట్టి ధర అదుపులో ఉంది. పైగా అక్కడ ఎక్కువగా మామూలు రకాలు, రైతు విత్తనం దాచుకోవచ్చు. మన దగ్గర దాదాపు అన్నీ హైబ్రిడ్లు, ఏటేటా కొనాల్సిందే. మన ప్రభుత్వ సంస్థలూ ప్రయత్నించాయి. 2008లో బికనేరి నర్మా అనే రకాన్ని బీటీ పత్తిగా విడుదల చేశాయి. రైతు దాచుకోగలిగే విత్తనం. తరవాత అందులో కంపెనీ జన్యువే ఉందని తేలి వెనక్కి తీసుకున్నారు. సర్కారు పరిశోధన బలహీనంగా ఉంటే ఎవరు నష్టపోతారో ఇంతకన్నా ఉదాహరణ వద్దు.

చైనా అంతటితో ఆగలేదు. 2017లో వాళ్ల ప్రభుత్వ రంగ రసాయన సంస్థ 43 బిలియన్ డాలర్లు పెట్టి స్విట్జర్లాండ్ విత్తన, పురుగుమందుల కంపెనీ సింజెంటాను కొనేసింది. మరుసటి ఏడు జర్మనీ బేయర్ అమెరికా మోన్‌శాంటోను కొన్నది. ప్రపంచంలో విత్తనం, మందు నాలుగైదు చేతుల్లోకి పోయింది. మన తేజ మిర్చిని ఖమ్మంలో కొని తీసుకుపోయేదీ ఎక్కువగా చైనావాళ్లే. కొనేవాడూ, మందు అమ్మేవాడూ ఒకే దేశం అవుతున్న కాలం ఇది. చైనాను తిట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్లు ముప్పై, నలభై ఏండ్ల ముందు వేసిన విత్తనం ఇప్పుడు కోసుకుంటున్నారు. మనం ఇప్పుడైనా వేస్తామా అన్నదే ప్రశ్న.

ఇప్పుడు తాజా సంగతి. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. జన్యు సవరణ పద్ధతిలో చేసినవి. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, కమల అని పేరు. హైదరాబాద్ వరి పరిశోధనా సంస్థ మన సాంబ మసూరిలోనే సవరణ చేసి తయారుచేసింది. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1, ఢిల్లీ సంస్థది, అది మన మారుటేరు కాటన్‌దొర సన్నాల నుంచి చేసింది. కమల దిగుబడి 19 శాతం ఎక్కువ ఇస్తుందని, ఇరవై రోజులు ముందే కోతకు వస్తుందని కేంద్రం చెప్పింది. నిజమైతే సంతోషం. దేవాదుల నీళ్లు ఆఖరు తడికి అందక ఎండిన జనగామ పొలాలకు ఇరవై రోజులంటే మాటలు కాదు.

కానీ నల్ల తామర పురుగు తిన్న రైతు ఊరికే చప్పట్లు కొట్టడు. మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఒకటి, ఈ లెక్కలు ఏ నేలలో, ఎన్ని పంటకాలాల్లో తీసినవి? మన చెలకల్లో, మన నల్లరేగళ్లలో పరీక్షించి ఆ లెక్కలు తెలుగులో మన ముందు పెట్టండి. రెండు, జన్యువును కత్తిరించే ఆ పద్ధతి మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి. రేపు విత్తనం ధరలో ఆ భారం మన మీద పడదని రాసి ఇస్తారా? మూడు, సాంబ మసూరిని దాచుకున్నట్టు దీన్ని దాచుకుని మళ్లీ వేసుకోవచ్చా? ప్రభుత్వ సంస్థ చేసిన రకం కాబట్టి మూడింటికీ జవాబు చెప్పే బాధ్యత ప్రభుత్వానిదే.

ఇక డ్రోన్లు, సెల్‌ఫోన్ల సంగతి. మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్రం 2023లో ఆమోదించింది. 15 వేల సంఘాలకు, 80 శాతం సబ్సిడీ, 8 లక్షలు దాటకుండా. మందు కొట్టే కూలి దొరకని ఊళ్లల్లో డ్రోన్ పనికొస్తుంది, వీపు మీద పంపు మోసి విషం పీల్చే బాధ తప్పుతుంది. కానీ డ్రోన్ ఏ మందు కొట్టాలో చెప్పదు. తప్పు మందును తొందరగా కొడుతుంది, అంతే.

2024లో కేంద్రం 2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్ తెచ్చింది. మన రాష్ట్రంలోనూ రైతు గుర్తింపు నంబరు ఇస్తున్నారు. ఆ నంబరు పట్టా పాసుపుస్తకానికి ముడిపెట్టి ఉంది. మరి కౌలు రైతు ఏ లెక్కలో ఉన్నాడు? నా మిర్చి తోటలో ఎకరంన్నర కౌలు అన్నాను గదా, రేపటి కంప్యూటర్‌లో ఆ ఎకరంన్నర పంట నాది కాదు, హైదరాబాద్‌లో ఉండే పట్టాదారుది. 2011లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇవ్వాలని చట్టం చేశారు. దాన్ని అటక మీద పెట్టి, ఇప్పుడు కంప్యూటర్‌లో కూడా కౌలు రైతును చెరిపేస్తే ఆ టెక్నాలజీ ఎవరికి? భూపాలపల్లి, మహబూబాబాద్ పోడు రైతులదీ ఇదే ప్రశ్న. మన చేను వివరం, పంట వివరం, అప్పు వివరం కంపెనీలకు ఇచ్చేముందు మనల్ని అడగాలి. అదీ తెలుగులో అడగాలి.

అంతా వాళ్లే చేయాలా, మనం ఏమీ చేయలేమా? చేయగలం. ఈ జనగామ జిల్లాలోనే లింగాలఘనపురం మండలంలో ఏనెబావి ఉంది. 2006లోనే ఊరు ఊరంతా రసాయన ఎరువులు, పురుగుమందులు మానేసింది. వాళ్లకు ల్యాబు లేదు. రైతులు కూర్చుని, ఏ పురుగు ఏ నెలలో వస్తుందో చూసుకుని, వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, పశువుల పేడ, మూత్రంతో చేసి చూశారు. పనిచేసింది ఉంచారు, పనిచేయనిది వదిలేశారు. నన్నడిగితే పరిశోధన అంటే అదే. ఇక మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని కోసం దరఖాస్తు పెట్టింది తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల సంస్థ, వెనక నిలబడింది మహబూబాబాద్ మల్యాల ఉద్యాన పరిశోధనా స్థానం. రైతు, సర్కారు శాస్త్రవేత్త పక్కపక్కన నిలబడితే ఏమవుతుందో చెప్పడానికి అది చాలు.

కాబట్టి మిత్రులారా, మన డిమాండ్లు సూటిగా చెబుతాను. వ్యవసాయం నుంచి దేశానికి వచ్చే ప్రతి 100 రూపాయల్లో కనీసం ఒక రూపాయి వ్యవసాయ పరిశోధనకు పెట్టాలి. వరంగల్, మల్యాల స్థానాల్లో ఖాళీలు నింపాలి, చేనుకు వచ్చే ఖర్చు వేరుగా ఇవ్వాలి. ఏ కొత్త పురుగు దేశంలో ఎక్కడ కనిపించినా ఆ సీజన్‌లోనే మండలం దాకా హెచ్చరిక రావాలి. మన జయశంకర్ సారు పేరు పెట్టుకున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం భూమిలో 100 ఎకరాలు హైకోర్టు కట్టడానికి ఇచ్చినప్పుడు విద్యార్థులు రోడ్డెక్కారు. ఇకముందు పరిశోధన భూమి గుంట కూడా పోవద్దు. రైతు గుర్తింపులో కౌలు, పోడు రైతులుండాలి.

మనం చేయాల్సినవి కూడా ఉన్నాయి. విత్తనం కొన్న రసీదు, ఖాళీ ప్యాకెట్, లాట్ నంబరు, గుప్పెడు విత్తనాలు పంట చేతికి వచ్చేదాకా దాచండి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కింద నమోదైన రకం చెప్పినట్టు పండకపోతే నష్టపరిహారం అడగొచ్చు. అదే సెక్షన్ విత్తనం దాచుకునే, మార్చుకునే, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకునే హక్కు ఇచ్చింది. రసీదు లేనోని మాట ఎవరూ వినరు, నా సొంత అనుభవం. కృషి విజ్ఞాన కేంద్రాల సలహా సంఘాల్లో రైతు ప్రతినిధులకు చోటుంది, మామునూరులో, మల్యాలలో ఆ చోట్లలో మనవాళ్లు కూర్చోవాలి. ప్రతి మండలంలో ఇద్దరు కార్యకర్తలు ఒక నోటుబుక్కు పెట్టండి. వారానికోసారి చేను తిరిగి, ఏ పురుగు, ఏ తెగులు, ఎప్పుడు కనిపించిందో రాయండి. తెలియని పురుగు కనిపిస్తే ఫొటో తీసి అదే రోజు శాస్త్రవేత్తకు పంపండి.

2021లో ఆ నోటుబుక్కు మా ఊళ్లో ఉంటే, పక్క మండలంలో పది రోజుల ముందు చూసిన పురుగు సంగతి నాకు తెలిసేది. తోట మొత్తం దక్కేదో లేదో చెప్పలేను. మందులకు పోసిన డబ్బులో సగమన్నా దక్కేది. మా అమ్మ ఆ రోజు గట్టు మీద అట్ల కూర్చునేది కాదు.

పోయేటప్పుడు మీ మండలం నుంచి ఇద్దరి పేర్లు రాసిచ్చి పొండి. నోటుబుక్కులు ఇక్కడే ఉన్నాయి.

సెలవు.